బల్లి పెస్ట్ కాదు, కోతి పెస్టే: ఒక ఏడో తరగతి హోంవర్క్ గురించి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో ఏడో తరగతి చదువుతున్న మీ బిడ్డకు ‘పెస్ట్’ అనే ఇంగ్లీషు మాటతో ఐదు వాక్యాలు రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చారు. వాటిలో మూడు కొట్టేశారు, ఒకదాని కింద గీత గీశారు, ఒక్కదానికే టిక్కు పడింది. బిడ్డ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ‘డిక్షనరీలో పెస్ట్ అంటే పురుగు అనే ఉంది, మరి తప్పెక్కడ?’ అని మీరు అడిగారు.

ఆమె రాసిన వాక్యాలు ఇవి. ‘ద లిజర్డ్ ఈజ్ ఎ పెస్ట్.’ ‘మంకీస్ ఆర్ పెస్ట్స్ ఇన్ మై గ్రాండ్‌మదర్స్ విలేజ్.’ ‘దేర్ ఆర్ మెనీ పెస్ట్ ఇన్ కాటన్.’ ‘మై బ్రదర్ హ్యాజ్ ఎ పెస్ట్.’ చివరిది, టిక్కు పడింది: ‘ఫార్మర్స్ కిల్ పెస్ట్స్ విత్ మెడిసిన్.’

నేను పరకాల, నర్సంపేట వైపు ప్రభుత్వ హైస్కూళ్లలో 26 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. మా నాన్న పత్తి రైతు. అందుకే ఈ మాట నాకు బడిలోనూ చేనులోనూ తగిలింది. ముందే చెబుతున్నాను, కొట్టేసిన మూడింటిలో ఒకటి నా లెక్కన పూర్తిగా ఒప్పు. టిక్కు పడ్డ వాక్యాన్నే నేనైతే మార్పించేవాణ్ని.

పెస్ట్ ఏ జీవికీ పేరు కాదు. ఎలుక, ఈగ, చెదపురుగు పేర్లు. పెస్ట్ అన్నది ఆ జీవి మీద మనిషి చేసే ఫిర్యాదు. ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి నాకు కలుపు అన్న మాట బాగా పనికొచ్చింది. కలుపు అనే మొక్క ఎక్కడైనా ఉందా? లేదు. మిరప చేనులో మొలిచిన గరక కలుపు. అదే గరక వినాయక చవితి నాడు వెతికి తెచ్చుకుంటాం, పూజలో పెడతాం, అప్పుడు దాన్ని కలుపు అని ఎవరూ అనరు. పొలంలో తుంగ కలుపు, దాని గడ్డలను మాత్రం తుంగముస్తలని ఆయుర్వేదం దుకాణంలో డబ్బిచ్చి కొంటాం. పోయినేడు రాలిన మక్క గింజ పత్తి సాలులో మొలిస్తే, మక్క ఎంత మంచి పంటైనా, కలుపుకు వచ్చిన వాళ్లు దాన్నీ పీకి గట్టు మీద వేస్తారు. అక్కడ అది ఉండకూడదు కాబట్టి కలుపు. మొక్కల్లో కలుపు ఎలాగో జీవాల్లో పెస్ట్ అలాగ. మీ బిడ్డ నానమ్మ ఊళ్లో చేను చూసిన పిల్ల కాబట్టి ఈ పోలిక ఆమెకు వెంటనే అందుతుంది.

ఇది అందాక వాక్యం రాయడం తేలిక. ఎవరికి పెస్ట్, ఎక్కడ పెస్ట్, ఏం నష్టం చేస్తోంది అన్న మూడింటిలో ఒక్కటైనా వాక్యంలో కనబడాలి. ‘ర్యాట్స్ ఆర్ పెస్ట్స్’ అని ఊరుకుంటే వ్యాకరణం ఒప్పే, కానీ మాట అర్థమైందని టీచరుకు తెలియదు. ‘ర్యాట్స్ ఆర్ పెస్ట్స్ ఇన్ ఎ గ్రెయిన్ గోడౌన్ బికాజ్ దే ఈట్ ద ప్యాడీ అండ్ టేర్ ద బ్యాగ్స్’ అని రాస్తే గోడౌన్, వడ్లు, చిరిగిన బస్తాలు అన్నీ కళ్ల ముందుకొస్తాయి.

ఇప్పుడు బల్లి. మీ బిడ్డ గోడ మీద బల్లిని చూసి అసహ్యపడి ఆ వాక్యం రాసి ఉంటుంది. అసహ్యం వేరు, నష్టం వేరు. బల్లి మన బియ్యం తినదు, బట్టలు కొరకదు, లైటు చుట్టూ చేరిన రెక్కల పురుగులనూ దోమలనూ తింటుంది. మనవాళ్లు కూడా బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూస్తారే గానీ దాన్ని చంపడానికి మందు కొనరు. అందుకే టీచరు కొట్టేయడం న్యాయమే. వాక్యాన్ని తిప్పి రాస్తే సరిపోతుంది: ‘ద లిజర్డ్ ఈట్స్ పెస్ట్స్.’ బల్లి పెస్టులను తింటుంది. తేలు, పాము విషయంలోనూ పిల్లలు ఇదే తప్పు చేస్తారు. అవి ప్రమాదకరమైనవి, వాటికి డేంజరస్ అన్న మాట ఉంది. జెర్రిపోతు చేనులో ఎలుకలను పట్టి రైతుకు మేలు చేస్తుంది, దాన్ని పెస్ట్ అంటే అన్యాయం.

కోతుల వాక్యం దగ్గర నేను మీ బిడ్డ పక్షాన నిలబడతాను. కోతి పురుగు కాదు కాబట్టి పెస్ట్ కాదని టీచరు అనుకుని ఉండొచ్చు. ఇంగ్లీషులో అలాంటి నియమం లేదు. ఎలుక, పంది, పావురం, కుందేలు, కోతి, నష్టం చేసే చోట ఏదైనా పెస్టే. ఆస్ట్రేలియాలో కుందేళ్లను పెస్టులని ప్రభుత్వమే అంటుంది, మనకేమో కుందేలు ముద్దుగా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో కోతుల గోస చెప్పనక్కర లేదు. పల్లి, మక్క, కూరగాయలు వేస్తే చేతికి రావని పత్తికి మారిన రైతులు మా పక్క ఊళ్లోనే ఉన్నారు. పెంకుటిల్లు పైకప్పు ఏటా సర్దుకోలేక రేకులు వేసుకున్న ముసలివాళ్లు ఉన్నారు. నిర్మల్ దగ్గర 2020లో కోతుల కోసమే ఒక పునరావాస కేంద్రం తెరిచి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారంటే సమస్య ఎంత పెద్దదో చూడండి. ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద అదే కోతికి అరటిపండు పెడతాం, చేను దగ్గర గులేరు పట్టుకుంటాం. కోతి మారలేదు, చోటు మారింది. మీ బిడ్డ వాక్యంలో ‘ఇన్ మై గ్రాండ్‌మదర్స్ విలేజ్’ అని చోటు చెప్పింది చూశారా? తెలిసి రాసినా తెలియక రాసినా, ఐదింటిలో అదే మంచి వాక్యం. నోట్‌బుక్ తీసుకుని వెళ్లి టీచరుతో మర్యాదగా మాట్లాడండి. చాలామంది టీచర్లు వింటారు. నా తప్పులను కూడా తల్లిదండ్రులు అలాగే దిద్దారు.

చోటు మారితే మాట మారుతుందనడానికి మా ప్రాంతంలోనే ఇంకా గట్టి ఉదాహరణ ఒకటి ఉంది. మహదేవ్‌పూర్ అడవుల వైపు వెళ్తే మద్ది చెట్ల మీద పురుగులను పెంచుతారు. ఆకులన్నీ తినేసే పురుగులే. కానీ అవి దసలి పట్టుపురుగులు, గూడు కట్టాక ఆ గూటి నుంచే పట్టు తీస్తారు. ఆకు తింటున్నంత మాత్రాన వాటిని పెస్ట్ అనం, వాటిని పెంచేవాళ్లకు అవే పంట. మల్బరీ ఆకు వేసి ఇళ్లలో, షెడ్లలో పెంచే పట్టుపురుగుకు ఊజీ ఈగ అనే శత్రువు ఉంది. అది పురుగు ఒంటి మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలికి దూరి పురుగును తినేస్తాయి. పట్టు రైతుకు ఆ ఈగ పెద్ద పెస్ట్. ఆ ఈగ కుటుంబానికే చెందిన మరికొన్ని ఈగలు పత్తి చేనులో శనగపచ్చ పురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని అలాగే చంపుతాయి. పత్తి రైతుకు అవి మిత్రపురుగులు. ఒకే రకం పని, ఒకచోట పెస్ట్, ఇంకోచోట మిత్రుడు. ఈ సంగతి నేను తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి విన్నారు.

ఇక మీరు డిక్షనరీ చూసి పట్టుకున్న ‘పురుగు’ సంగతి. పురుగు తెలుగులో చాలా పెద్ద సంచి. ఇంగ్లీషువాళ్లు వర్మ్, ఇన్‌సెక్ట్, క్యాటర్‌పిల్లర్, గ్రబ్, బీటిల్ అని వేరు వేరుగా పిలిచేవన్నీ మన దగ్గర పురుగులే. పట్టుపురుగు, మిణుగురు పురుగు, తొలకరిలో ఎర్రటి మఖమల్ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు, ఇవేవీ పెస్టులు కావు. ఆరుద్ర పురుగు కనబడితే రైతు వానలు బాగుంటాయని సంతోషిస్తాడు. పుస్తకాల పురుగు అని మెచ్చుకోలుగానే అంటాం. అందుకని పురుగు అన్నచోటల్లా పెస్ట్ అని పెట్టకూడదు. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘చీడ’. చీడపీడలు అన్న జంటపదం ఇంగ్లీషులో ‘పెస్ట్స్ అండ్ డిసీజెస్’ అనేదానికి చక్కగా సరిపోతుంది. చీడ అంటే పెస్ట్, తెగులు అంటే డిసీజ్. పురుగు తిని చేసేది చీడ, బూజు వల్లో వైరస్ వల్లో వచ్చేది తెగులు. మొక్కల రక్షణ శాస్త్రంలో పెస్ట్ అన్న మాటను విస్తరించి కలుపునూ తెగుళ్లనూ కూడా దానిలోకి తెస్తారు, కానీ స్కూలు ఇంగ్లీషుకు జీవాలు చాలు.

మన చేను మాటలను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన రైతులు పోలికను బట్టి పేరు పెడతారు. పచ్చదోమ అంటే గ్రీన్ మస్కిటో అని రాసిన పిల్లలను నేను ఎంతమందినో చూశాను. అది దోమ కానే కాదు, లీఫ్‌హాపర్, ఆకు రసం పీల్చే చిన్న ఎగిరే పురుగు. తెల్లదోమ వైట్‌ఫ్లై. వరిలో సుడిదోమ ప్లాంట్‌హాపర్. పేనుబంక ఏఫిడ్. పిండినల్లి మీలీబగ్. మక్కలో 2018 నుంచి మన దేశంలో కనబడుతున్న కత్తెర పురుగుకు కత్తెరతో పని లేదు, ఇంగ్లీషులో ఫాల్ ఆర్మీవర్మ్. తామర పురుగు దగ్గర పిల్లలు మరీ ఇబ్బంది పడతారు. కొందరు లోటస్ అంటారు, కొందరు చర్మం మీది తామర అనుకుని రింగ్‌వర్మ్ అంటారు. అది త్రిప్స్. చూశారా, చివర ‘స్’ ఉన్నా ఏకవచనంలోనూ అదే మాట. ఒకటైనా త్రిప్స్, వేయైనా త్రిప్స్. 2021-22లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఊడ్చిపెట్టినప్పుడు ఈ మాట పత్రికల్లో రోజూ వచ్చింది. అప్పుడు పూత నిండా నల్లని చుక్కల్లా పురుగులు పట్టి, కాయ నిలవక, చెట్లు పీకేసిన రైతులు వరంగల్, ములుగు, మహబూబాబాద్ ఊళ్లలో ఎందరో. ‘ఇన్ 2021, బ్లాక్ త్రిప్స్ డిస్ట్రాయ్డ్ ద చిల్లీ క్రాప్ ఇన్ అవర్ ఏరియా. ఇట్ ఈజ్ ఎ సీరియస్ పెస్ట్ ఆఫ్ చిల్లీ.’ ఇలాంటి వాక్యం మన పిల్లలు రాయగలరు, వాళ్లకు తెలిసిన బతుకు అది.

ఆ వాక్యంలో ‘పెస్ట్ ఆఫ్ చిల్లీ’ అన్నది గమనించండి. ఏ పంటకు పట్టేదో చెప్పడానికి ‘ఆఫ్’ వాడతారు. పింక్ బోల్‌వర్మ్, అంటే గులాబీ రంగు పురుగు, పెస్ట్ ఆఫ్ కాటన్. గాల్ మిడ్జ్, మనం ఉల్లికోడు అనేది, పెస్ట్ ఆఫ్ రైస్. ఉల్లికోడు మా వరంగల్ వరి రైతుకు పాత శత్రువు. పిలక ఉల్లికాడలా గొట్టంగా మారిపోయి వెన్ను రాదు. దాన్ని తట్టుకునే వంగడాల మీద వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ల తరబడి పనిచేసి ఎర్రమల్లెలు, కావ్య లాంటివి ఇచ్చింది. ‘దిస్ వెరైటీ ఈజ్ రెసిస్టెంట్ టు ద పెస్ట్’ అని అలాంటి చోట అనాలి.

మూడో వాక్యంలో గీత పడింది బహువచనం కోసం. ‘మెనీ’ తర్వాత పెస్ట్స్ రావాలి. మన నోటికి పెస్ట్స్ అనడం కష్టమే, చివరి ‘ట్స్’ మింగేస్తాం, అందుకే రాతలోనూ ఎగిరిపోతుంది. బిడ్డతో నాలుగుసార్లు పైకి అనిపించండి. పలుకుబడి గురించి ఇంకొక్క మాట: ‘పె’ కురచగా పలకాలి, సాగదీస్తే పళ్లు తోముకునే పేస్ట్ అవుతుంది. చేనుకు పురుగు ‘వచ్చింది’ అని మనం అంటాం, దాన్నే ‘పెస్ట్స్ కేమ్ టు ద క్రాప్’ అని రాస్తే చుట్టాలు వచ్చినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో పెస్టులు పంటను ఎటాక్ చేస్తాయి, డ్యామేజ్ చేస్తాయి. ఇల్లు, గోడౌన్, చేను వాటితో నిండిపోతే ‘ఇన్‌ఫెస్టెడ్ విత్’ అంటారు. ‘ద ఓల్డ్ హౌస్ వాజ్ ఇన్‌ఫెస్టెడ్ విత్ టర్మైట్స్.’ పాత ఇంటికి చెదలు పట్టాయి. మన ‘పట్టడం’ అన్న క్రియకు ఇన్‌ఫెస్ట్ చక్కగా సరిపోతుంది, దీన్ని నేర్పిస్తే బిడ్డకు పై తరగతుల్లోనూ పనికొస్తుంది.

తమ్ముడి వాక్యానికి వద్దాం. ‘మై బ్రదర్ హ్యాజ్ ఎ పెస్ట్’ అంటే తమ్ముడి దగ్గర ఒక పురుగో ఎలుకో ఉందని అర్థం వస్తుంది. ఆమె చెప్పాలనుకున్నది తమ్ముడు సతాయిస్తున్నాడని. ఈ తప్పు ఎందుకు వచ్చిందో నాకు ఊహకు అందుతోంది. ‘నీకేం తెగులురా?’ అని మనం ఇళ్లలో తిడతాం. మన తిట్టులో తెగులు మనిషికి పట్టి ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు, మనిషే పెస్ట్ అవుతాడు. కాబట్టి ‘హ్యాజ్’ తీసేసి ‘ఈజ్’ పెట్టాలి: ‘మై లిటిల్ బ్రదర్ ఈజ్ ఎ పెస్ట్. హి హైడ్స్ మై పెన్సిల్స్ ఎవ్రీ డే.’ ఇంట్లో చిన్నపిల్లల గురించి ఇలా అంటే అది ముద్దుతో కలిసిన విసుగు. మన ‘వాడొక పీడ’ అంత కఠినం కాదు, ‘వీడి నస భరించలేం’ అన్నదానికి దగ్గర. బయటివాళ్లనూ పెద్దవాళ్లనూ మాత్రం అనకూడదు, అమర్యాద అవుతుంది. సతాయించడం అన్న క్రియకు ‘పెస్టర్’ ఉంది. ‘హి పెస్టర్డ్ అవర్ ఫాదర్ ఫర్ ఎ సైకిల్.’ సైకిల్ కొనిమ్మని నాన్నను సతాయించాడు. పెస్ట్ నుంచే పెస్టర్ పుట్టిందని అందరూ అనుకుంటారు గానీ కాదు. పశువు కాళ్లకు బందం వేయడం అన్న అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి అది వచ్చింది. రెండూ వినడానికి ఒకేలా ఉండడంతో తర్వాత అర్థాలు దగ్గరయ్యాయి.

పెస్ట్ దారి వేరు. లాటిన్‌లో పెస్టిస్ అంటే ప్రాణాలు తీసే అంటువ్యాధి. అక్కడి నుంచి ఫ్రెంచిలోకి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మొదట దాని అర్థం మహమ్మారి, ప్లేగు. ప్లేగు సూక్ష్మజీవి శాస్త్రీయ నామం ఇప్పటికీ యెర్సీనియా పెస్టిస్. దాన్ని 1894లో హాంకాంగ్‌లో గుర్తించిన అలెగ్జాండర్ యెర్సిన్ పేరు, ఆ పాత లాటిన్ మాట రెండూ కలిసిన పేరది. క్రమంగా మాట పదును తగ్గి పురుగుకూ ఎలుకకూ అల్లరి పిల్లవాడికీ దిగింది.

దీని పక్కనే ఉండే మాటల్లో వెర్మిన్ ఒకటి. ఎలుకల లాంటి, మనిషి ఏవగించుకునే జీవాలకు వాడతారు, ఎప్పుడూ బహువచనంలాగే నడుస్తుంది: ‘వెర్మిన్ ఆర్’ అనాలి. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూల్ మొత్తం వెర్మిన్ జాబితానే. కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుకలు అందులో ఉండేవి. 2022 సవరణలో ఆ షెడ్యూల్ తీసేశారు. కాకి ముట్టలేదని పిండం దగ్గర గంటలు గంటలు నిలబడే మనకు, కాకి ఆ జాబితాలో ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. బగ్ అన్నది చిన్న పురుగుకు వాడుక మాట. ఇంగ్లండులో ఒకప్పుడు ప్రధానంగా మంచం నల్లికే వాడేవారు. బగ్ పెస్ట్ కావొచ్చు, కాకపోవచ్చు.

ఈ వరుసలో నేను పిల్లలకు తప్పకుండా చెప్పే మాట బ్యాండికూట్. గోదాముల్లో బిలాలు చేసే పందికొక్కును ఇంగ్లీషువాళ్లు మన నోటి నుంచి విని, అదే పేరును తమ భాషలోకి తీసుకెళ్లారు. పందికొక్కు బ్యాండికూట్ అయింది. తర్వాత ఆస్ట్రేలియాలో ఒక జంతువుకూ అదే పేరు పెట్టారు. ‘ద బ్యాండికూట్ ఈజ్ ఎ పెస్ట్ ఇన్ అవర్ మార్కెట్ యార్డ్’ అని బిడ్డ చేత రాయించండి. ఆ మాట మనదేనని ఆమెకు తెలిస్తే ఇంగ్లీషు భయం కొంత తగ్గుతుంది. ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లే ఏ రైతునడిగినా పందికొక్కు ఏం చేస్తుందో చెబుతాడు.

చివరి వాక్యం, టిక్కు పడినది: ‘ఫార్మర్స్ కిల్ పెస్ట్స్ విత్ మెడిసిన్.’ వ్యాకరణంలో లోపం లేదు. నాకు అభ్యంతరం ‘మెడిసిన్’ దగ్గర. తెలుగులో జ్వరానికి వేసేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, అందుకే బిడ్డ అలా రాసింది. ఇంగ్లీషులో మెడిసిన్ జబ్బు నయం చేసేది మాత్రమే. పురుగును చంపేది పెస్టిసైడ్. చివర ఉన్న ‘సైడ్’ చంపడం అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. దాని ముందు ఏముందో దాన్ని చంపుతుంది. ఇన్‌సెక్టిసైడ్ పురుగులను, ఫంగిసైడ్ బూజు తెగుళ్లను, హెర్బిసైడ్ కలుపును. పెస్టిసైడ్ వీటన్నిటికీ ఉమ్మడి పేరు.

దీని మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. 1997 వానాకాలం. ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడింది. పంట పోయి, అప్పులు మీద పడి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది అది. నేను శనివారం సాయంత్రం ఊరికి వెళ్లేసరికి మా నాన్న అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ‘రెండు దఫాలు కొట్టిన, పురుగు సస్తలేదు. దీని మీద ఏం రాసుందో సూడు బిడ్డా’ అని డబ్బా నా చేతిలో పెట్టాడు. పెద్ద అక్షరాల్లో ఫంగిసైడ్ అని ఉంది. దుకాణంలో ఆయన ‘పత్తికి రోగమొచ్చింది, మందియ్యి’ అన్నాడు. ఏ రోగమని అక్కడ ఎవరూ అడగలేదు, అప్పు రాసుకుని తెగులు మందు ఇచ్చారు. చేనులో ఉన్నది తెగులు కాదు, పురుగు. రెండు దఫాల మందు, కూలి, పది రోజుల టైము పోయాయి, ఆ పది రోజుల్లో పురుగు ఆకు మిగల్చలేదు. ఆ రాత్రి మా నాన్న ఆ ఇంగ్లీషు మాటలు నా చేత పదే పదే చెప్పించుకున్నాడు. సంతకం తప్ప చదువు రాని మనిషి. ఆ తర్వాత ఎప్పుడు ఏ డబ్బా తెచ్చినా ‘సైడ్ ముంగట ఏమున్నది?’ అని అడిగేవాడు.

అందుకే మా క్లాసులో పెస్ట్ పాఠం పెస్టిసైడ్ దాకా వెళ్లేది. డబ్బా మీద డైమండు ఆకారంలో ఉండే గుర్తు కింది సగం రంగు చూడడం కూడా నేర్పేవాణ్ని. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందంటే విషం కాదని అర్థం కాదు. కలుపు మందు కొట్టిన పంపును సరిగ్గా కడగకుండా పత్తికి వాడితే కొన్ని మందుల అవశేషానికే పత్తి ఆకు ముడుచుకుపోతుంది, ఈ సంగతి హెర్బిసైడ్ అన్న మాట తెలిసిన పిల్ల ఇంట్లో చెప్పగలదు.

ఆ వాక్యంలో ‘కిల్’ కూడా మార్చొచ్చు. పెస్టుల గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో ఎక్కువగా వినబడే మాట ‘కంట్రోల్’. పురుగు పూర్తిగా చావదు, నష్టం చేయనంత తక్కువలో ఉంచడమే రైతు పని. అది మందు లేకుండానూ జరుగుతుంది. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనబావి 2006లోనే ఊరంతా రసాయన మందులు లేకుండా సాగు చేస్తున్నామని ప్రకటించింది. వేపగింజల కషాయం, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, పత్తి చుట్టూ లద్దె పురుగుకు ఎరగా ఆముదం, శనగపచ్చ పురుగుకు ఎరగా బంతి, పక్షులు వాలడానికి కర్రలు, ఇవన్నీ పెస్ట్ కంట్రోలే. పెస్ట్ కంట్రోల్ అంటే ఇంటికొచ్చి బొద్దింకలకు స్ప్రే చేసే మనిషి ఒక్కడే కాదని బిడ్డకు చెప్పండి.

కాబట్టి ఐదో వాక్యం రెండు రకాలుగా రాయించండి. ‘సమ్ ఫార్మర్స్ స్ప్రే పెస్టిసైడ్స్ టు కంట్రోల్ పెస్ట్స్.’ దాని కిందనే ‘సమ్ ఫార్మర్స్ కంట్రోల్ పెస్ట్స్ విత్ నీమ్ సీడ్స్ అండ్ ట్రాప్స్.’ బతుకమ్మ సెలవులకు నానమ్మ ఊరికి వెళ్లినప్పుడు మీరు పక్కన ఉండి, డబ్బా ముట్టనివ్వకుండా, దాని మీద ‘సైడ్’ ముందు ఏముందో దూరం నుంచే ఆమె చేత చదివించండి.